నాగలి కట్టని కారు

పోయిన సంక్రాంతికి మేమంతా మా ఊళ్లో ఉన్నాం. వాకిట్లో మా అబ్బాయి కారు ఉంది. దాని పక్కనే పొరుగింటి వాళ్ల ట్రాక్టరు పెట్టి ఉంది. మా మనవడు ఏడో తరగతి చదువుతున్నాడు. వాడు ఆ రెండింటి చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేశాడు. ఎవరినో ఏదో అడిగాడు. తిన్నగా నా దగ్గరకొచ్చాడు.

"తాతయ్యా, మన కారు 80 హార్స్ పవరట. ఆ ట్రాక్టరు 45 హార్స్ పవరేనట. మరి పొలం దున్నడానికి మన కారుకి నాగలి కట్టరేం?"

అరుగు మీద కూర్చున్నవాళ్లు ఘొల్లున నవ్వారు. వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

నాకు నవ్వు రాలేదండీ. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పుకోవాలంటే బలం, పని, సామర్థ్యం, టార్క్, గేరు, ఘర్షణ, అన్నీ పలకరించుకుంటూ వెళ్లాలి. నవ్వినవాళ్లలో జవాబు తెలిసినవాడు ఒక్కడూ లేడు. అది వేరే సంగతి.

ఈ పూట ఆ ప్రశ్ననే పట్టుకుందాం. 80 గుర్రాల కారు చెయ్యలేని పని 45 గుర్రాల ట్రాక్టరు ఎలా చేస్తోంది?

ముందు మాటల దగ్గర కాస్త ఆగుదాం. మనం మామూలుగా మాట్లాడుకునేటప్పుడు బలమన్నా, శక్తన్నా, సత్తువన్నా, పవరన్నా అన్నీ ఒకటే. "వాడికి బలముంది" అంటాం. "వాడికి పవరుంది" అంటాం. మాటల్లో ఇబ్బంది లేదు. మెషీను దగ్గరకొస్తే మాత్రం ఆ పప్పులు ఉడకవు. అక్కడ ఒక్కో మాటకీ ఒక్కో కొలత ఉంది.

మీకు ధాన్యం బస్తా తెలుసు. మా కోస్తా వైపు ఎకరానికి ఎన్ని బస్తాలు పండిందని చెప్పుకునేటప్పుడు 75 కిలోల బస్తానే లెక్క. ఈ 75 కిలోల సంగతి కాస్త గుర్తుంచుకోండి. మళ్లీ దీనితో పనుంది.

ఆ బస్తాను నేలమీంచి పైకెత్తాలి. ఎత్తాలంటే దాని బరువుకు తగినంతగా పైకి లాగాలి. ఆ లాగడమే బలం. ఇంగ్లీషులో ఫోర్స్. లాగినా బలమే, తోసినా బలమే. ఇంజనీర్లు దీన్ని న్యూటన్లలో కొలుస్తారు. ఒక కిలో బరువంటే దాదాపు 10 న్యూటన్లు. రేడియోలో మనం కిలోలతోనే సరిపెట్టుకుందాం.

ఇప్పుడు బస్తాను ఒక మీటరు ఎత్తు లేపి లారీ మీద పెట్టారు. బలం ఉపయోగించారు, బస్తా కదిలింది. బలాన్ని, కదిలిన దూరాన్ని హెచ్చిస్తే వచ్చేది పని. 75 కిలోల బస్తా, ఒక మీటరు ఎత్తు. 75 కిలో మీటర్ల పని జరిగింది. జాగ్రత్త, ఇవి దారి పొడవు చెప్పే కిలోమీటర్లు కావు. కిలోల్ని మీటర్లతో హెచ్చించాం, అంతే.

ఇక్కడొక తమాషా ఉంది. హమాలీ బస్తాను వీపుమీద వేసుకుని కాటా దగ్గర పది నిమిషాలు నిలబడ్డాడనుకోండి. ఒళ్లంతా చెమట. కాళ్లు వణుకుతున్నాయి. మా పుస్తకం ప్రకారం ఆ పది నిమిషాల్లో బస్తాపై అతను చేసిన పని సున్నా. ఎందుకంటే బస్తా కదల్లేదు. బలముంది, దూరం లేదు. ఈ మాట క్లాసులో చెప్పొచ్చు. కాటా దగ్గర హమాలీతో చెప్పకండి. అతని కండరాలు శక్తి ఖర్చుపెడుతూనే ఉన్నాయి, ఆ అలుపు అబద్ధం కాదు. బస్తాకు మాత్రం అందులో ఏమీ చేరలేదు.

బలం అయింది. పని అయింది. ఇక మూడోది. ఒకడు ఆ బస్తాను సెకనులో లేపాడు. ఇంకొకడు అదే బస్తాను పది సెకన్లలో లేపాడు. ఇద్దరి పనీ ఒక్కటే. కాని మొదటివాడు పదింతలు త్వరగా చేశాడు. పని ఎంత త్వరగా జరుగుతోందో చెప్పేదే సామర్థ్యం. ఇంగ్లీషులో పవర్. కారు మీదా, మోటారు మీదా ఉండే హార్స్ పవర్ ఈ సామర్థ్యం కొలతే.

మరోసారి చెబుతాను. లాగేది బలం. లాగి కదిలిస్తే పని. ఎంత త్వరగా కదిలించారన్నది సామర్థ్యం.

మరి ఇందులోకి గుర్రం ఎలా వచ్చింది? స్కాట్లండ్‌లో పుట్టిన జేమ్స్ వాట్ 18వ శతాబ్దం చివరి పాతికేళ్లలో ఆవిరి యంత్రాన్ని మెరుగుపరచి అమ్మకానికి పెట్టాడు. అప్పటికి చాలా మిల్లుల్లో, గనుల్లో గుర్రాలతో పని చేయించేవారు. మన గానుగెద్దు చూడండి, అలాగే గుర్రాలు గుండ్రంగా తిరిగేవి. కొనేవాడు అడిగేది ఒకటే ప్రశ్న. "నీ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు?" వాట్ లెక్క కట్టాడు. మిల్లు గుర్రం 12 అడుగుల వ్యాసార్ధంలో గంటకు 144 చుట్లు తిరుగుతుంది, 180 పౌన్ల బలంతో లాగుతుంది అనుకున్నాడు. అదంతా గుణించి, కాస్త సర్ది, నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తితే ఒక హార్స్ పవర్ అన్నాడు. మామూలు గుర్రం రోజల్లా ఆ లెక్కన లాగలేదు. వాట్ గుర్రం కాస్త ఎక్కువే మేసింది.

ఈ పౌన్లూ అడుగులూ మనకెందుకు? మీటర్లలోకి మార్చుకుందాం. తరవాత మీటర్లు వాడే దేశాలు ఈ లెక్కను గుండ్రని అంకెకు సర్ది, 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు ఎత్తితే ఒక హార్స్ పవర్ అన్నాయి. బస్తా గుర్తుందా? 75 కిలోలు! అంటే ఒక ధాన్యం బస్తాను ఒక సెకనులో ఒక మీటరు ఎత్తడమే ఒక హార్స్ పవర్. ఇది కాకతాళీయమే అనుకోండి. కాని ఇంత చక్కగా మన కళ్లంలోకి వచ్చి కూర్చున్న కొలత ఇంకోటి నాకు కనబడలేదు. వాట్ గుర్రం 746 వాట్లు, ఈ మీటర్ల గుర్రం 735 వాట్లకు కొంచెం పైన. ఆ కాస్త తేడాను ఇవాళ వదిలేద్దాం.

మరి మనిషి ఎన్ని గుర్రాలు? మా చిన్నప్పుడు అమ్మ నూతిలో నీళ్లు తోడేది. నీళ్లు 30 అడుగుల లోతున ఉండేవి. అంటే 9 మీటర్లు. చేద నిండితే 10 కిలోలనుకోండి. పదీ తొమ్మిదులు తొంభై. ఆ చేద పైకి రావడానికి 12 సెకన్లు పట్టేది. తొంభైని పన్నెండుతో భాగిస్తే ఏడున్నర. డెబ్భై అయిదులో ఏడున్నర, అంటే హార్స్ పవర్‌లో పదో వంతు. మనిషి అలుపు లేకుండా చాలాసేపు చూపగల సామర్థ్యం దాదాపు అంతే. పది మంది అమ్మలు ఒక్కసారి చేదలు లాగితే ఒక వాట్ గుర్రం.

గిలక మాట కూడా చెప్పేస్తాను. నూతి మీద గిలక ఉంటే బరువు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. ఒంటి గిలక దిక్కును మారుస్తుంది, అంతే. పైకి లాగాల్సింది కిందికి లాగుతాం. కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువు సాయం వస్తుంది. మోట బావి దగ్గర ఎడ్లు ఏటవాలు బాటలో కిందికి నడుస్తూ లాగేవి చూడండి, అదీ ఈ ఉపాయమే. ఆ బాట తవ్విన రైతు ఏ కాలేజీలోనూ చదవలేదు.

ఇప్పుడు మనవడి కారు దగ్గరకొద్దాం. ఇక్కడ ఒక్క విషయం బాగా పట్టుకోవాలి. సామర్థ్యంలో రెండు దినుసులున్నాయి. ఒకటి బలం. రెండోది వేగం. రెండింటినీ హెచ్చిస్తేనే హార్స్ పవర్ వస్తుంది. బలం ఎక్కువ, వేగం తక్కువైనా అదే హార్స్ పవర్ రావచ్చు. బలం తక్కువ, వేగం ఎక్కువైనా అదే రావచ్చు. యంత్రానికి బిగించిన బిళ్ల మీద రాసిన హార్స్ పవర్ చూసి అందులో బలం వాటా ఎంత, వేగం వాటా ఎంత అని చెప్పలేం.

లెక్క వేసి చూద్దాం. నాగలికి 20 హార్స్ పవర్ చేరుతోందనుకోండి. సెకనుకు 20 బస్తాలు, ఒక మీటరు. 20 డెబ్భై అయిదులు 1500. ట్రాక్టరు సెకనుకు మీటరున్నర నడుస్తోంది. అంటే గంటకు 5 కిలోమీటర్ల పైచిలుకు, మనిషి చురుగ్గా నడిచినట్టు. 1500ను ఒకటిన్నరతో భాగించండి. 1000 వస్తుంది. ట్రాక్టరు నాగలిని 1000 కిలోల బలంతో లాగుతోంది. పది క్వింటాళ్లు!

ఇప్పుడు కారు. ఇదీ అదే 20 హార్స్ పవర్ వాడుకుంటూ హైవే మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు 25 మీటర్లు. అదే 1500ను ఇప్పుడు 25తో భాగించండి. వచ్చేది 60. కారును ముందుకు తోస్తున్న బలం 60 కిలోలు. ఒక్క ధాన్యం బస్తా బరువు కూడా లేదు.

మళ్లీ వినండి. అదే 20 హార్స్ పవర్. ట్రాక్టరు దగ్గర 1000 కిలోల బలం. కారు దగ్గర 60 కిలోల బలం. కారు తన గుర్రాల్ని వేగం కింద ఖర్చుపెట్టింది. ట్రాక్టరు బలం కింద ఖర్చుపెట్టింది.

ఇది చెప్పగానే మావాడు ఊరుకున్నాడా? "అయితే కారునీ నెమ్మదిగా నడుపుదాం తాతయ్యా" అన్నాడు. మంచి ప్రశ్నే. నెమ్మదిగా నడిపి బలం పెంచేదే గేరు. గేరు సంగతి తెలియాలంటే ముందు టార్క్ తెలియాలి. టార్క్ తెలియాలంటే టైరు పంక్చరవ్వాలి.

ఎండలో, రోడ్డు పక్కన, మీరే టైరు మార్చుకుంటున్నారు. జాకీ వేశారా? ఆగండి, నట్లు వదులు చేశాకే జాకీ. పానా పెట్టి తిప్పుతున్నారు. నట్టు కదలదు. అప్పుడు దారినపోయే మెకానిక్ ఒకాయన వచ్చి, పానా పిడికి మూరెడు ఇనప పైపు తొడిగి, పైపు చివర పట్టుకుని ఒక్క తోపు తోస్తాడు. నట్టు కిర్రుమని వదులవుతుంది. ఆయన మీకంటే బలవంతుడేం కాదు. నట్టుకు దూరంగా పట్టుకున్నాడు. అంతే. బలాన్ని, ఇరుసు నుంచి ఉన్న దూరాన్ని హెచ్చిస్తే వచ్చేదే టార్క్. తిప్పే సత్తువ అనుకోండి. పావు మీటరు పానా చివర 40 కిలోల బలం పెడితే టార్క్ 10. అదే 40 కిలోల బలం ముప్పావు మీటరు పైపు చివర పెడితే టార్క్ 30. మూడింతలు.

తిరగలి పిడి మధ్యలో పెట్టరు, అంచున పెడతారు. తలుపు గడియ బందుల పక్కన పెట్టరు, ఆ చివర పెడతారు. కారణం ఒకటే.

పైపు వేసి విప్పండి. వేసి మాత్రం బిగించకండి. మా వర్క్‌షాపులో ఏటా ఒక కుర్రాడు గట్టిగా ఉండాలని పైపు తొడిగి బిగించేవాడు. బోల్టు తల పుటుక్కున ఊడి వాడి చేతిలోకొచ్చేది. వాడి ముఖం చూసి తిట్టబుద్ధయ్యేది కాదు. తెగిన బోల్టును బయటికి తియ్యడం ఎంత కష్టమో ఆ రోజంతా వాడి చేతే చేయించేవాణ్ణి.

అయితే మెకానిక్‌కి మూడింతల టార్క్ ఉచితంగా రాలేదు. పైపు చివర పట్టుకున్న చెయ్యి మూడింతల దూరం తిరగాలి. బలం తగ్గించుకుంటే దూరం పెరుగుతుంది. గేరు చేసేదీ ఈ బేరమే.

పిండిమర చూడండి. కొన్నిచోట్ల గిర్ని అంటారు. మోటారుకు చిన్న పుల్లీ, మర రాయికి పెద్ద పుల్లీ. మధ్యలో బెల్టు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. పెద్ద పుల్లీ చిన్నదానికి మూడింతలుంటే రాయి 480 చుట్లే తిరుగుతుంది. వేగం మూడో వంతైంది. టార్క్ మూడింతలైంది, బెల్టు తినే కాస్త పోగా. హార్స్ పవర్ మాత్రం పెరగలేదు. గేరు గుర్రాల్ని పుట్టించదు. చేతిలో ఉన్న నోటును చిల్లర మార్చినట్టు వేగాన్ని టార్క్‌గా మారుస్తుంది.

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వంపు దగ్గర డ్రైవరు కింది గేరు వేస్తాడు. ఇంజను గోల పెడుతుంది. బస్సు మాత్రం నెమ్మదిగా పాకుతుంది. చిల్లర మారుతోందన్నమాట.

ట్రాక్టరు ఇంజను నిమిషానికి దాదాపు 2000 చుట్లు తిరిగి తన 45 హార్స్ పవర్ ఇస్తుంది. మనవాడి కారు పెట్రోలు ఇంజను ఆ 80 ఇవ్వాలంటే 6000 చుట్లు తిరగాలి. లెక్క కడితే ఆ వేగాల దగ్గర ట్రాక్టరు ఇంజను టార్క్ 160 న్యూటన్ మీటర్లు. కారు ఇంజనుది 95. చూశారా, గుర్రాలు తక్కువున్న ఇంజనుకే తిప్పే సత్తువ ఎక్కువ. ఆపైన ట్రాక్టరు గేర్లు వేగాన్ని పదుల రెట్లు కాదు, కింది గేర్లలో వంద రెట్లకు పైగా తగ్గిస్తాయి. కారు ఫస్టు గేరులో తగ్గేది పది, పదిహేను రెట్లే.

సరే, ఎవరో పట్టుదలగల మేస్త్రీ కారుకీ ట్రాక్టరు గేర్లు బిగించాడనుకోండి. నాగలి లాగుతుందా? లాగదు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఇక్కడ మన ఆఖరి మాట వచ్చింది. ఘర్షణ.

చక్రం నేలను వెనక్కి నెట్టాలి. నేల దాన్ని ముందుకు తొయ్యాలి. ఆ పట్టు ఘర్షణ వల్లే. ఘర్షణ ఎంతన్నది చక్రం మీద పడే బరువును బట్టి ఉంటుంది. చిన్న కారు బరువు దాదాపు టన్ను. అందులో ఇంజను తిప్పే చక్రాల మీద పడేది సగానికి కాస్త ఎక్కువ. మెత్తటి దుక్కి నేలలో ఆ బరువులో సగమైనా పట్టు దొరకడం గగనం. 1000 కిలోల లాగుడు ఎక్కణ్ణుంచి వస్తుంది? ట్రాక్టరు రెండు టన్నుల మనిషి. ఆ బరువులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదే పడుతుంది. లోతైన గాళ్లున్న టైర్లు. అది చాలక ఆ టైర్లలో నీళ్లు నింపుతారు. ట్రాక్టరు టైరు పంక్చరైతే గాలికి బదులు నీళ్లు కారడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ నీళ్లు బరువు కోసమే. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ఆ పట్టు కూడా చాలదు. ఇనప దమ్ము చక్రాలు బిగించాల్సిందే.

బేరింగు దగ్గర ఘర్షణ శత్రువు. గ్రీజు పెట్టి వదిలించుకుంటాం. టైరు కింద అదే ఘర్షణను బరువు పెట్టి మరీ పిలుచుకుంటాం.

రైతు సోదరులకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. వేసవిలో బోరు నీళ్లు తగ్గితే మోటారు నీరసించిందని చాలామంది అనుకుంటారు. బస్తా లెక్కే వెయ్యండి. 5 హార్స్ పవర్ అంటే అయిదు డెబ్భై అయిదులు, 375. నీళ్లు 60 మీటర్ల లోతున ఉంటే సెకనుకు 6 లీటర్ల పైన రావాలి. ఇందులో పంపూ, పైపులూ కలిసి దాదాపు సగం తినేస్తాయనుకుందాం. పెట్టినదాంట్లో చేతికి వచ్చినదాన్ని మేం దక్షత అంటాం. చివరికి సెకనుకు 3 లీటర్లు. నీటిమట్టం 120 మీటర్లకు దిగితే? అదే గుర్రాలు రెట్టింపు ఎత్తు లాగాలి. నీళ్లు సగమూ రావు, ఒక్కోసారి అసలే రావు. ఏ పంపుకైనా ఇంత ఎత్తు వరకేనని హద్దుంటుంది. మోటారు తప్పేం లేదు. ఏడున్నర హార్స్ పవర్ మోటారు దింపే ముందు బోరులో ఊట ఎంతుందో చూసుకోండి. ఊట లేని బోరులో ఎన్ని గుర్రాలు దింపినా తాగడానికి వాటికే నీళ్లుండవు.

మా మనవడు అంతా విని ట్రాక్టరు దగ్గరకెళ్లాడు. వెనక టైరును కాలితో తన్ని, చెవి ఆనించి, లోపల నీళ్ల చప్పుడు వినబడుతుందేమోనని చూశాడు. అరుగు మీద నవ్వినవాళ్లలో ఇద్దరు మెల్లగా లేచి వాడి పక్కన చేరారు.